మీసం ఏ పార్టీది?

అమెరికాలో జనం ఉన్న రెండు పార్టీలతోనూ విసిగిపోయారట. 'మేం ఎవరి మనుషులమూ కాదు' అనే ఓటర్లు అక్కడ పుట్టగొడుగుల్లా లేస్తున్నారని ఈ మధ్య పేపర్లో పెద్ద వింతలా రాశారు. చదివి నాకు నవ్వాగలేదు. అలాంటి ఓటరు కొవ్వూరు పక్కన మా పల్లెలో తొంభైల్లోనే తయారయ్యాడు. అందుకోసం ఆయన పుస్తకాలు చదవలేదు, టీవీలో చర్చలు వినలేదు. సెలూన్లో కుర్చీ ఎక్కి దిగాడు, అంతే. ఎక్కేటప్పుడు పార్టీ మనిషి, దిగేటప్పుడు కాదు. ఆయన మా పెదనాన్న.

అప్పట్లో మా ఊళ్ళో పార్టీ అంటే ఇంటిపేరు లాంటిది. పుట్టుకతో వచ్చేది, చచ్చినా పోయేది కాదు. ఉన్నవి రెండే: మా పార్టీ, వాళ్ళ పార్టీ. కాలవ గట్టు మీద కాఫీ హోటళ్ళు రెండు, ఒకటి మాది, ఒకటి వాళ్ళది. రెండింటికీ పాలు పోసేది ఒకే గేదె, నీళ్ళిచ్చేది ఒకే కాలవ. అయినా వాళ్ళ హోటల్లో కాఫీ తాగితే వాంతులవుతాయని మా వాళ్ళ గట్టి నమ్మకం. కిరాణా కొట్లు రెండు, ఎరువుల కొట్లు రెండు, ఆఖరికి పెళ్ళిళ్ళకి సన్నాయి మేళాలు కూడా రెండు. వాళ్ళ గేదె మా చేలో పడితే గేదెని ఎవరూ ఏమీ అనేవారు కాదు, పార్టీని తిట్టేవారు. గేదెకి సభ్యత్వం ఉందో లేదో అడిగినవాడు లేడు.

సెలూన్ మాత్రం ఊరికంతటికీ ఒక్కటే. ఆ సెలూన్ ఆయన ఎడంచేతి గోడకి మా పెద్ద నాయకుడి క్యాలెండరూ, కుడిచేతి గోడకి వాళ్ళ పెద్ద నాయకుడి క్యాలెండరూ తగిలించి పెట్టుకున్నాడు. వచ్చి కూర్చున్నవాడు ఏ పార్టీ వాడైతే కుర్చీ ఆ గోడ వైపు తిప్పి గడ్డం గీసేవాడు. మధ్యలో ఉన్న అద్దంలో తమ మొహం తాము చూసుకున్నవాళ్ళు మా ఊళ్ళో తక్కువ.

ఇక పెదనాన్న మీసం. ఉన్నదున్నట్టు చెబితే మీరు నమ్మరు కాబట్టి కొంచెం తగ్గించి చెబుతాను. ఆయన కొవ్వూరు స్టేషన్లో నిలబడితే దాన్ని చూస్తూ గార్డు పచ్చజెండా ఊపడం మర్చిపోయేవాడు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి విడిపోయినట్టు అది ముక్కు కింద రెండు పాయలుగా చీలి, చెంపల్ని ముంచెత్తి, చెవుల దాకా వెళ్ళి అక్కడ మెలి తిరిగేది. వానాకాలం ఆయన పక్కన నడిచేవాళ్ళకి గొడుగు అక్కర్లేదు. రోజూ పొద్దున్నే దానికి గానుగ నువ్వుల నూనె పట్టించేవాడు.

"కూరలోకి లేని నూనె మూతికెక్కడిదండీ?" అని పెద్దమ్మ రోజూ అడిగేది.

"ఏమేవ్, ఇది నా ఒక్కడిదనుకున్నావా? పార్టీది" అనేవాడు పెదనాన్న.

"అయితే ఆ నూనేదో పార్టీనే పొయ్యమనండి" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయేది.

పార్టీ పొయ్యలేదు. పార్టీ ఆయనకేదీ ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. ఎండల్లో జెండా మోశాడు, పోలింగు బూత్‌లో రోజంతా ఏజెంటుగా కూర్చున్నాడు, వాళ్ళ పార్టీ వాళ్ళింట్లో పెళ్ళయితే పప్పులో ఉప్పెక్కువైందని చెప్పడానికి మాత్రమే వెళ్ళేవాడు. మా మండలం నుంచి జిల్లా పరిషత్తుకి నిలబడే మా నాయకుడి కాపురం గోదావరి అవతల రాజమండ్రిలో. ఎన్నికలొస్తే వంతెన దాటి మాకేసి వచ్చేవాడు, అవగానే వంతెన దాటి వెళ్ళిపోయేవాడు. ఒకసారి ప్రచారానికి వచ్చినప్పుడు కాలవ పొంగితే, ఆయన పట్టు పంచె తడవకుండా పెదనాన్న ఆయన్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని అవతలి గట్టుకి చేర్చాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆ భుజాల మీద తుండుగుడ్డ కూడా వెయ్యలేదు, ముద్ర చెదిరిపోతుందని. నేను అప్పటికి ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో చిన్న గుమాస్తాని. గోదావరిలో ఎన్ని క్యూసెక్కులు వదిలారో తెలిసిన నాకు, ఆ రోజు ఆ కాలవలో మోకాలి లోతు నీళ్ళేనని తెలుసు. పెదనాన్న చెప్పే కథలో మాత్రం చెప్పిన ప్రతిసారీ మట్టం పెరిగి, చివరికి ఆయన మీసం మాత్రమే పైకి కనిపించేది.

ఆ ఎన్నికల్లోనే పందెం పడింది. వాళ్ళ పార్టీ హోటలాయన పెదనాన్నకి వరసకి బావ. ఇద్దరూ మామూలు రోజుల్లో మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడితే అది పందెమే.

"బావా, మీవాడు ఈసారి గోదాట్లో కలిసిపోతాడు, చూసుకో" అన్నాడాయన తన హోటల్ గుమ్మంలోంచి, రోడ్డున పోతున్న పెదనాన్నతో.

పెదనాన్న ఆగాడు. మీసం ఆయన కంటే ఒక క్షణం ఆలస్యంగా ఆగింది. "మావాడు ఓడితే నా మీసంలో సగం తీయించుకుని ఊరంతా తిరుగుతాను. గెలిస్తే నువ్వేం తీయించుకుంటావు బావా? నీ నెత్తిమీద ఏం మిగిలింది గనక?"

హోటలాయనది నున్నటి బట్టతల. గట్టు మీద జనం గొల్లుమన్నారు. ఆయన ఉడుక్కున్నాడు.

"నా నెత్తి సంగతి నీకెందుకు? మీవాడు గెలిస్తే నా హోటల్ మీద మీ జెండా నా చేత్తో నేనే కడతాను. మీ వాళ్ళందరికీ నేనే కాఫీ కలిపి పోస్తాను. సరేనా?"

ఊరు ఊపిరి బిగబట్టింది. సగం మీసంతో తిరగడమంటే మా వైపు చావుకి ఒక మెట్టు ఇవతల. వాళ్ళ హోటల్ మీద మా జెండా ఎగరడమంటే గోదావరి వెనక్కి పారి నాసిక్ చేరడం. అంత పెద్ద పందెంలో ఊరంతా కలిసి ఒక్క మాట తేల్చుకోవడం మర్చిపోయాం: పందెం మనిషి మీదా, పార్టీ మీదా? రెండూ వేరవుతాయని మాకు తట్టలేదు. చెరుకుగడ కొన్నప్పుడు రసం కూడా మనదేనా అని ఎవరైనా అడుగుతారా?

మా నాయకుడు గెలిచాడు. హోటలాయన మాట నిలబెట్టుకున్నాడు. నిచ్చెనేసుకుని ఎక్కి మా జెండా కట్టాడు, దిగి మా వాళ్ళందరికీ కాఫీ పోశాడు. తాగిన ఒక్కరికీ వాంతి కాలేదు, దాంతో మా వాళ్ళలో కొందరు నిరాశపడ్డారు కూడా. పెదనాన్న మీసం ఆ వారమంతా ఎడాపెడా పెరిగింది. వాకిట్లో ఉతికిన చీర ఆరెయ్యడానికి తాడు అక్కర్లేదని పెద్దమ్మ అంది.

తీరా చూస్తే జిల్లా పరిషత్తులో ఎక్కువ సీట్లు వాళ్ళ పార్టీకొచ్చాయి. కుర్చీలన్నీ అటుంటే మనుషులు ఇటు ఎంతసేపు నిలబడతారు? ఒక పొద్దున్న మొదటి బస్సులో పేపర్లతోపాటు కబురొచ్చింది: మా నాయకుడు వాళ్ళ పార్టీలో చేరిపోయాడు.

హోటలాయన మా జెండా దింపి, ఉతికించి, ఇస్త్రీ చేయించి, మడతపెట్టి పెదనాన్న చేతికి ఇచ్చాడు.

"ఇదుగో బావా, మీ జెండా. మరి నా మీసం?"

"నీ మీసమేంటి? మావాడు గెలిచాడుగా!"

"గెలిచినాయన ఇప్పుడెవరి మనిషి? మా మనిషి. అంటే గెలిచింది మేమే కదా?"

"నేను కాసింది మనిషి మీద. మనిషి గెలిచాడు."

"అయితే ఆ మనిషి వెనకాలే నువ్వూ మా పార్టీలోకి వచ్చెయ్. రానంటావా, అప్పుడు నువ్వు కాసింది పార్టీ మీద. మీ పార్టీ తరఫున గెలిచినవాడు ఇప్పుడు లేడు. మీసం తియ్."

తగువు సెలూన్‌కి చేరింది. రెండు క్యాలెండర్ల మధ్య ఊరి పెద్దలు కూర్చుని ఒక పూటంతా వాదించారు. ఏ కోర్టులోనూ అంత లోతైన వాదన జరిగి ఉండదు. చివరికి పెదనాన్న లేచి, "ఆయన వెళ్ళలేదు. పేపరు వాళ్ళు ఏదో రాశారు. నేనెళ్ళి ఆయన్నే అడిగొస్తాను. వెళ్ళానని ఆయన నోటితో ఆయనంటే, వచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటాను" అన్నాడు.

మర్నాడు నన్ను తోడు రమ్మన్నాడు. నేను ఆఫీసుకి కడుపునొప్పని కబురు పెట్టి బయల్దేరాను. పెదనాన్న తోటలో కొట్టించిన చక్కెరకేళి గెల ఒకటి నెత్తిన పెట్టుకున్నాడు. కొవ్వూరులో బస్సెక్కితే కండక్టరు గెలకి లగేజీ టిక్కెట్టు కొట్టి, మీసం వైపు కూడా అనుమానంగా చూశాడు. బస్సు వంతెన మీదికెక్కింది. కింద గోదావరి, పైన మేము, పెదనాన్న ఒళ్ళో గెల. సగం వంతెన దాటాక మెల్లిగా అన్నాడు:

"ఒరేయ్ అబ్బాయ్, పోనీ వెళ్ళాడే అనుకో. ఎన్ని కష్టాలొచ్చాయో, ఎవరు బలవంతపెట్టారో. కానీ నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్తాడంటావా?"

నేను ఆయన ఒళ్ళోంచి జారిపోతున్న గెలకి ఒక చెయ్యి ఆసరా పట్టాను.

నాయకుడి ఇంటి వరండాలో చెప్పుల గుట్ట గోదావరి గట్టంత ఎత్తుంది. అది ఎక్కి దిగితేగాని లోపలికి దారి లేదు. ఎప్పుడూ మేం కూర్చునే బల్లల మీద వాళ్ళ పార్టీ వాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. పెదనాన్న గోడవారన నిలబడ్డాడు, గెల కింద పెట్టలేదు. చాలాసేపటికి నాయకుడు బయటికొచ్చాడు. అందరికీ దండం పెట్టుకుంటూ మా దగ్గరికొచ్చి, ఆ మీసాన్నీ ఆ గెలనీ చూసి, ఎంతో ప్రేమగా నవ్వాడు.

"ఏ ఊరండీ మీది?"

పెదనాన్న ఊరి పేరు చెప్పాడు.

"ఓహో, మనూరే! చాలా సంతోషమండీ. మీలాంటివాళ్ళే మనకి బలం. ఇక ఆ పార్టీ ఈ పార్టీ ఏం లేదండీ, మనమంతా ఒకటే" అంటూ ఆయన చెయ్యి చాపాడు. వెనక ఎవరో ఆ చేతిలో వాళ్ళ పార్టీ కండువా పెట్టారు. రెండు చేతులా గెల పట్టుకున్న మనిషి కండువాని ఆపలేడు. అది మెడలో పడింది. కెమెరా మెరిసింది. గెల ఎవరో అందుకున్నారు. నాయకుడు అప్పటికే పక్క ఊరివాళ్ళని "ఏ ఊరండీ మీది?" అని అడుగుతున్నాడు.

అడగాలనుకున్న మాట అడగకుండానే వచ్చేశాం. తిరుగు బస్సులో పెదనాన్న కండువా తీసి మడతపెట్టి చేత్తో పట్టుకున్నాడు. గోదాట్లో పారేస్తాడేమో అనుకున్నాను. పారెయ్యలేదు. ముందు సీట్లో చంటిపిల్లకి ముక్కు కారుతుంటే వాళ్ళమ్మకి ఇచ్చేశాడు.

తర్వాతి రోజు పేపర్లో ఫొటో పడింది. మీసం పేజీకి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. కింద 'వందలాది అనుచరులతో చేరిక' అని రాశారు. ఆ వందలాది మందినీ నేనే. వాళ్ళందరి తరఫునా ఫొటోలో నా కుడిభుజం ఒక్కటి కనిపించింది. కడుపునొప్పితో పడుకున్నవాడి భుజం రాజమండ్రిలో ఏం చేస్తోందని మా సూపరింటెండెంటు గారు వారం రోజులు అడుగుతూనే ఉన్నారు.

నా సంగతి సరే. పేపరొచ్చిన పొద్దున్నే పెదనాన్న మా హోటల్‌కి వెళ్ళి ఎప్పటి బల్ల మీదే కూర్చున్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

"కాఫీ అయిపోయిందండి" అన్నాడు మా హోటలాయన, ఇటు తిరక్కుండా.

బల్ల మీదున్న మా వాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళి వేరే బల్ల మీద కూర్చున్నారు. "మీసం కాపాడుకోడానికి పార్టీనే అమ్మేశాడ్రా" అని ఎవరో అన్నారు, ఆయనకి వినపడేంత మెల్లిగా. కలిసి జెండా మోసినవాళ్ళు, మా కళ్ళాల్లో కుప్పలు నూర్చినవాళ్ళు, మా చెల్లెలి పురుడుకి ఎడ్లబండి కట్టుకొచ్చినవాళ్ళు. నాయకుడు ఏ ఊరని అడిగినప్పుడు కూడా పెదనాన్న మొహం అలా అవలేదు.

ఇంటికొచ్చేసరికి వాళ్ళ హోటలాయన మా అరుగు మీద పేపరు పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు.

"రా బావా రా! మన పార్టీలోకి వచ్చేశావు, ఇంక మనలో మనకి పందేలేంటి? మీసం వదిలేశాను, హాయిగా ఉంచుకో. కాఫీకి మా హోటల్‌కి వచ్చెయ్యి, నీకు పంచదార ఎక్కువేయిస్తాను."

చూడండి ఇరకాటం. మీసం ఉంచుకుంటే పార్టీ ఫిరాయించినట్టు. ఫిరాయించలేదంటే మీసం ఇవ్వాలి. వాకిట్లో నిలబడ్డ పెదనాన్న మీసం ఆ పూట మొదటిసారి రెండు కొసలా కిందికి వాలింది. వెనక్కి తిరిగి సెలూన్‌కేసి నడిచాడు. హోటలాయన వెనకాలే పరిగెత్తాడు. వీధిలో ఒకరొకరే కలిశారు. సెలూన్ చేరేసరికి రెండు పార్టీలూ గుమ్మంలో ఉన్నాయి.

పెదనాన్న కుర్చీలో కూర్చున్నాడు. సెలూన్ ఆయన కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఎటు తిప్పాలో తెలియలేదు.

"ఎటు తిప్పమంటారండీ?"

"అద్దం వైపు తిప్పు."

కుర్చీ కిర్రుమంటూ మధ్యలోకి తిరిగింది.

"మొత్తం తీసెయ్యి."

"బావా!" అని కేకేశాడు హోటలాయన. "వదిలేశానన్నానుగా!"

"నువ్వు వదిలెయ్యడానికి అదేమన్నా నీదా?" అన్నాడు పెదనాన్న అద్దంలోంచి ఆయన్ని చూస్తూ. "మావాడు గెలిచాక మాకు దక్కలేదు. అది ఓటమే. సగం నీది, పందెం ప్రకారం." తర్వాత గుమ్మంలో ఉన్న మా వాళ్ళని చూశాడు. "రెండో సగం వీళ్ళది. మీసం కోసం అమ్ముడుపోయానన్నారు. తీసుకెళ్ళండ్రా, మీ పార్టీ ఆఫీసులో దండేసి పెట్టుకోండి."

కత్తి రెండుసార్లు నూరితేగాని ఆ మీసం తెగలేదు. ఆ నాడు సెలూన్లో రాలిన వెంట్రుకలతో పరుపు కుట్టొచ్చు. ఎవరూ తమ వాటా పట్టుకెళ్ళలేదు. పెదనాన్న లేచి, నున్నటి మూతితో ఆ రెండు పార్టీల మధ్యనుంచీ దారి చేసుకుని ఇంటికొచ్చాడు. పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత గూట్లో ఉన్న నువ్వుల నూనె గిన్నె తీసుకెళ్ళి వంకాయ వేపుడులో వంపేసింది. ఆ రోజు వేపుడు అద్భుతంగా ఉంది. ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అక్కణ్ణుంచి చిత్రమైన సంగతి ఒకటి జరిగింది. మీసమున్న రోజుల్లో ఓటడగడానికి మా గుమ్మం తొక్కిన నాయకుడు లేడు. మావాళ్ళకి 'ఎలాగూ వేస్తాడు', వాళ్ళకి 'ఎలాగూ వెయ్యడు'. తర్వాతి ఎన్నికల్లో రెండు పార్టీల వాళ్ళూ వరస కట్టి వచ్చారు. రెండు హోటళ్ళ నుంచీ గ్లాసుల్లో కాఫీ వచ్చేది. పెదనాన్న రెండూ తాగేవాడు. ఇద్దరి మాటా వినేవాడు. కాలవ పూడిక ఎప్పుడు తీయిస్తారని ఇద్దర్నీ అడిగేవాడు. పోలింగు రోజు వెనక జెండాలూ డప్పులూ లేకుండా, గొడుగేసుకుని ఒక్కడే వెళ్ళి ఓటేసి వచ్చేవాడు.

"ఎవరికేశారు పెదనాన్నా?" అని అడిగాను ఒకసారి. ఆ వందలాది అనుచరుల్నీ నేనే కదా, నాకు చెప్పడా అని.

"నీకెందుకురా?" అన్నాడు.

నా కడుపునొప్పి అప్పుడు నిజంగా మొదలైంది. ఆయన్ని అందరూ మోసం చేశారు, ఒప్పుకుంటాను. మధ్యలో నేనేం చేశానండీ?

రెండువేలు దాటాక ఒక ఎండాకాలం ఎన్నికలొచ్చాయి. మా పాత నాయకుడు వాళ్ళ పార్టీలో కుర్చీ కదిలిపోయి మళ్ళీ మా పార్టీలోకి వచ్చేశాడు. మా వాళ్ళు మా వీధిలో పూలు జల్లి తీసుకొచ్చారు. తెల్ల కారు మా వాకిట్లో ఆగింది. ఎప్పుడూ మా ఇంటికి రాని మనిషి గుమ్మంలో నిలబడి, నాలుగు వైపులా చూసి, ఆప్యాయంగా అడిగాడు:

"ఇక్కడ పెద్ద మీసాలాయన ఒకాయన ఉండాలి కదండీ? ఏరి, కనపడరే?"

కళ్ళెదుట చెవుల దాకా మీసంతో నిలబడినప్పుడు ఏ ఊరని అడిగిన మనిషికి, లేని మీసం గుర్తుకొచ్చింది. జనం బిక్కచచ్చిపోయారు. అరుగు మీద కూర్చున్న పెదనాన్న లేచి, చేతులు జోడించాడు.

"ఆయన పోయారండి."

"అయ్యయ్యో! ఎప్పుడండీ?"

"చాలా కాలమైందండి. రాజమండ్రి వెళ్ళొచ్చారు, పోయారు."

నాయకుడు కళ్ళు తుడుచుకున్నాడు. "నా కోసం ప్రాణమిచ్చే మనిషండీ. కాలవ పొంగితే భుజాల మీద మోశారు నన్ను. ఆయన ఆత్మశాంతి కోసమైనా మీ ఓటు మనకే వెయ్యాలి" అని పెదనాన్న రెండు చేతులూ పట్టుకుని ఊపి, కారెక్కి వెళ్ళిపోయాడు.

దుమ్ము సర్దుకున్నాక పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ, పోయినాయనకి అన్నం పెట్టెయ్యనా, ఆగనా?"

"పెట్టు" అన్నాడు పెదనాన్న. కానీ లేవలేదు. కారు వెళ్ళిన వైపే చూస్తుంటే, ఆయన కుడిచెయ్యి పాత అలవాటు కొద్దీ ముక్కు కిందికి వెళ్ళింది. అక్కడ ఏమీ దొరక్క, చాలాసేపు ఉత్త గాలినే మెలేస్తూ ఉండిపోయింది.